పలక మీద రెండు వరసలు

మొదటిరోజు ఆ పిల్ల ఏడుస్తూ నాతో అన్న మాట ఒక్కటే, "యాడీ" అని. నేను దాన్ని "యాడికి" అని విన్నాను. మా పల్నాట్లో ఎక్కడికి అనడానికి యాడికి అంటాం. ఇంటికి పోతానని మారాం చేస్తోంది కాబోలు అనుకున్నాను. "యాడికీ పొయ్యేది లేదు, కూర్చో" అన్నాను. మళ్ళీ "యాడీ" అంది. ఈసారి గట్టిగా కసిరాను. కూర్చుంది. ఆ తర్వాత దాదాపు ఏడాదిపాటు నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

యాడి అంటే లంబాడీ భాషలో అమ్మ.

ఆ సంగతి నాకు తెలియడానికి నెలలు పట్టిందని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. అది 1999. మాచర్ల వైపు ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాల. ఊరికి కాస్త దూరంగా తాండా. బళ్ళో సగంమంది తాండా పిల్లలే. నేను ట్రైనింగులో పిల్లల మనస్తత్వం గురించి చదువుకున్నాను, పరీక్షలు రాశాను, మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. బడికొచ్చిన పిల్ల భాష ఏమిటని ఎవరూ నన్ను అడగలేదు. నాకు నేనుగా కూడా అడగాలని తోచలేదు. తెలుగుదేశంలో పిల్లలకి తెలుగు కాక ఇంకేం వస్తుంది? రిజిస్టరులో ఆ పిల్ల పేరు ఎదురుగా 'మందం' అని రాసుకున్నాను. నా సొంత చేతిరాతతో.

ఈ మాటకొస్తే యాడికి అనే మాటని ఆ రోజు నేనెలా వాడానో నాకే ఆశ్చర్యం. కోపంలో వచ్చేసి ఉంటుంది. ఎందుకంటే ఆ మాటని నా నోట్లోంచి వెళ్ళగొట్టడానికి నేను మూడేళ్ళు కష్టపడ్డాను.

మాది గురజాల దగ్గర ఊరు. డిగ్రీకి గుంటూరు వెళ్ళి హాస్టల్లో చేరాను. రెంటచింతల, గురజాల, నడికూడి, పిడుగురాళ్ళ మీదుగా వెళ్ళే మాచర్ల పాసింజరు ఎక్కినప్పుడు నాకు ఒక భాష ఉండేది. గుంటూరులో దిగాక అది తప్పుల కుప్ప అని తెలిసింది. యాడికి, ఎట్టా, ఏంది, ఆడ, ఈడ... నేను నోరు తెరిస్తే గదిలో అందరూ నవ్వేవాళ్ళు. తెనాలి అమ్మాయి ఒకతి నేనన్న ప్రతి మాటనీ నాలాగే మళ్ళీ అనేది. పల్నాడంటే నాటుబాంబులు, పల్నాటి మాటంటే మోటు అని అప్పటికే లోకానికి స్థిరపడిపోయింది. మొదటి సంవత్సరం చివరికల్లా నేను ఎక్కడికి, ఎలా, ఏమిటి అనడం నేర్చుకున్నాను. నేర్చుకున్నానన్న గర్వం కూడా వచ్చింది.

రెండో ఏడాది అమ్మ నన్ను చూడటానికి వచ్చింది. జొన్నరొట్టెలు, గోంగూరపచ్చడి మూటగట్టుకుని తెచ్చింది. ఫీజు గడువు గురించి వార్డెనుతో మాట్లాడాల్సి ఉంది. ఆ గది గుమ్మం ముందు నేను అమ్మతో, "నువ్వేం మాట్లాడకు. నేను చెప్తాను" అన్నాను.

మా అమ్మ మాట్లాడలేని మనిషి కాదు. మిరపకాయలు కొనడానికొచ్చిన బేరగాడు తరుగు కింద కిలోలకి కిలోలు కోస్తుంటే కల్లంలో అడ్డం నిలబడి లెక్క అడిగిన మనిషి. నాన్న తల దించుకుని నిలబడితే అమ్మే అడిగేది. అందుకు ఇంట్లో ఆమెకొచ్చిన బిరుదు 'నాయకురాలు నాగమ్మ'. మా వైపు నోరున్న ఆడదాన్ని తిట్టడానికి ఆ ఒక్క పేరు చాలు. పల్నాటి యుద్ధంలో ఇన్ని వందలమంది మగవాళ్ళు కత్తులు దూస్తే, ఊళ్ళు పాడుచేసిన నింద మాత్రం మంత్రిత్వం చేసిన ఒక్క స్త్రీకి చుట్టుకుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ 'నాయకురాలు' నాటకం రాసి ఆమెను ఇంకోరకంగా చూడమన్నారు గానీ, ఆ చూపు మా ఇళ్ళదాకా రాలేదు. అటువంటి మా అమ్మ ఆ రోజు వార్డెను ముందు చేతులు కట్టుకుని, పెదవి విప్పకుండా, కూతురు శుభ్రమైన తెలుగులో మాట్లాడుతుంటే వింటూ నిలబడింది. నాన్న ఎన్నిసార్లు చెప్పినా ఊరుకోని మనిషి నేను చెబితే ఊరుకుంది. రైలెక్కేముందు, "బాగా మాట్టాడావమ్మే" అంది. అది మెచ్చుకోలో మరొకటో నేనిప్పటికీ తేల్చుకోలేదు.

ఆ శుభ్రమైన తెలుగుతోనే నేను తాండా పిల్లలకి పాఠం చెప్పడానికి వెళ్ళాను.

ఫిబ్రవరి వచ్చేసరికి సగం బడి ఖాళీ అయింది. మిరపకోతలు. పిల్లల్ని వెతుక్కుంటూ ఊరి చివర ఒక కల్లానికి వెళ్ళాను. కళ్ళు మండిపోయే ఘాటు. ఎర్రగా పరిచిన కాయల పక్కన ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలుకాయ ఏరుతున్నారు. నా 'మందం' పిల్ల వాళ్ళ మధ్య ఉంది. తల్లితో తమ భాషలో ఏదో గలగలా అంటోంది. అంతలో మేస్త్రి వచ్చాడు. ఆ పిల్ల లేచి నిలబడి అతనితో, "మాయమ్మకి నాలుగు రోజులది రావాల. మూడే రాసుకున్నావు. సోమారం యాడ పోయింది?" అంది.

నేను అక్కడే ఆగిపోయాను. ఆ పిల్లకి తెలుగు వచ్చు. కూలి లెక్క వచ్చు. నిలదీయడం కూడా వచ్చు. రానిదల్లా నా తెలుగు. చేలల్లో, కల్లాల్లో, పనిచోట విని నేర్చుకున్న పల్నాటి తెలుగు దానిది. అంటే మా అమ్మ తెలుగు. నేను క్లాసులో 'ఎక్కడ ఉన్నది? ఎలా ఉన్నది?' అని పుస్తకం తెలుగులో అడుగుతుంటే దానికి అది ఇంకో పరాయి భాషలాగే వినిపించి ఉంటుంది. నాకూ ఆ పిల్లకీ మధ్య ఒక భాష ఉంది. దాన్ని నేను గుంటూరు హాస్టల్లో పారేసి వచ్చాను.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. గుంటూరులో నా యాసని చూసి నవ్విన వాళ్ళమీద నాకున్న కోపాన్ని ఎన్నో సభల్లో చెప్పుకున్నాను. చప్పట్లు కూడా వచ్చాయి. కానీ నేను భూమున్న రైతు ఇంట్లో పుట్టినదాన్ని. నా యాసకి నవ్వారు, నన్ను కూర్చోబెట్టి చదువు చెప్పారు. తాండా పిల్ల మా చేలో కూలికొచ్చే మనిషి బిడ్డ. మా ఇద్దరి అవమానం ఒకటే అనుకోవడం నాకు సుఖంగా ఉంటుంది గానీ, నిజం కాదు.

కోతలయ్యాక పిల్లలు తిరిగొచ్చారు. నేను మాట మార్చాను. "ఇట్టా రా", "ఆడ కూచో", "ఇదేంది చెప్పు" అనడం మొదలుపెట్టాను. మొదట్లో నాకే నోరు తిరగలేదు, నటిస్తున్నట్టుండేది. తోటి ఉపాధ్యాయుడొకాయన, "టీచరే తప్పులు మాట్లాడితే పిల్లలకి ఒప్పు ఎవరు నేర్పుతారు?" అన్నాడు. తాండా పిల్లల్నడిగి ఒక నోటుబుక్కులో మాటలు రాసుకున్నాను. పాణి, బాటి, యాడి. యాడి అన్న మాట రాసుకున్న రోజునే, మొదటిరోజు ఆ పిల్ల ఏం అడిగిందో తెలిసింది.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజని తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. తాండా పిల్లలు కూడా వరసగా నిలబడి తెలుగు గొప్పదనం గురించి పాడతారు. ఆయన వాడుక భాష కోసం పండితులతో పోరాడారని చెబుతాం. అంతకుముందే పర్లాకిమిడి కొండల్లో సవర పిల్లల కోసం తాను సవర భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు రాసి, వాళ్ళకి బళ్ళు పెట్టించారని మాత్రం చెప్పం. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం మద్రాసులో అచ్చయింది. నాకైతే ఆ పనే పెద్దదనిపిస్తుంది. తన భాషని వాడుకలోకి తేవడం ఒక ఎత్తు, ఇంకొకరి పిల్ల భాష దగ్గరికి తాను నడిచి వెళ్ళడం ఇంకొక ఎత్తు. 2000 తర్వాత మన రాష్ట్రంలో సవర, కోయ, గోండి, బంజారా వంటి ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకి వాచకాలు తయారయ్యాయి. నేను పనిచేసిన బళ్ళలో వాటిని చూడలేదు.

ఆ పిల్ల విషయానికొస్తాను. మాటలు వచ్చాయి గానీ తెలుగు రాయడంలో ఒక చిక్కు మిగిలిపోయింది. 'అమ్మ వచ్చాడు' అని రాసేది. లంబాడీలో మగకి ఒక రూపం, ఆడకి వేరే రూపం ఉన్నాయి. తెలుగులో ఆ విభజన వేరు కదా. పలక మధ్యలో గీత గీసి, రెండు వరసలు రాయించాను. వచ్చాడు కింద నాన్న, తాత, అన్న. వచ్చింది కింద అమ్మ, అక్క. తర్వాత వేరే మాటలు చెప్పమంటే బస్సు, గేదె, వాన అని చెప్పింది. వచ్చింది కిందే రాయమన్నాను. పలకని చాలాసేపు చూసుకుంది. తర్వాత, "టీచరో?" అని అడిగింది.

"టీచరు కూడా ఆ వరసలోనే."

రాసింది. గేదె కింద, వాన పక్కన. ఏమీ అనలేదు. నాకే చేతిలో సుద్దముక్క ఆగింది. ఇన్నేళ్ళుగా మాట్లాడుతున్న భాషలో నేనెక్కడ కూర్చున్నానో అంతవరకూ చూసుకోలేదు. తమిళంలో, కన్నడంలో ఒంటరి స్త్రీకి వేరే ప్రత్యయం ఉంది. తెలుగులో, గోండిలో లేదు. మనం ఇద్దరమైతే 'వచ్చారు' అని మనుషుల్లో కలుస్తాం, ఒక్కరమైతే వస్తువుల్లో ఉంటాం. మా నాన్న అమ్మని జీవితమంతా 'అది' అనే అన్నాడు. వ్యాకరణం ప్రకారం ఆయన తప్పేమీ లేదు. అయినా అంతా వ్యాకరణం మీద తోసేయడం నాకిష్టం లేదు. అడుగడుగునా స్త్రీలింగం ఉన్న హిందీలో ఆడవాళ్ళకి ఒరిగిందేమిటి? ప్రత్యయం మారితే బతుకు మారుతుందని నేననను. ఆ వరసని చూపించడానికి ఆ భాషలో పుట్టని పిల్ల కావాల్సి వచ్చిందని మాత్రం అంటాను.

అయిదో తరగతితో ఆ పిల్ల చదువు ఆగింది. హైస్కూలు దూరం, తమ్ముళ్ళు చిన్నవాళ్ళు. తాండాకి రెండుసార్లు వెళ్ళి అడిగాను. మూడోసారి వెళ్ళలేదు. బదిలీ వచ్చింది.

నిరుడు జూన్‌లో మాచర్లలో ఇప్పుడు నేను పనిచేస్తున్న బడికి, కూతుర్ని చేర్పించడానికి వచ్చింది. నేను గుర్తుపట్టలేదు. తనే చెప్పింది. "ఇంగ్లీషు మీడియమే కదా మేడం?" అని రెండుసార్లు అడిగింది. 2019 నవంబరులో ప్రభుత్వ బళ్ళన్నీ ఇంగ్లీషు మీడియం చేస్తూ 81వ నంబరు జీవో వచ్చినప్పుడూ, 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడూ పత్రికల్లో ఎంతో చర్చ జరిగింది. మాతృభాష గురించి కన్నీళ్ళు పెట్టుకున్న పెద్దల్లో చాలామంది పిల్లలు ఎక్కడ చదివారో మనకి తెలుసు. ఇంగ్లీషు అందరికీ కావాలని కంచ ఐలయ్య వంటివాళ్ళు అడిగిన దాంట్లో న్యాయం ఉంది. ఆమె అడిగినదాంట్లోనూ ఉంది. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకాన్ని ఆమె చేతికిచ్చాను. రెండు పేజీలూ తిప్పి చూసి కూతురికిచ్చింది.

"మీ భాష వచ్చా పాపకి?" అని అడిగాను.

"రాదు మేడం. నేనే నేర్పలా. నాకు పడ్డ బాధ దానికెందుకు? పుట్టినకాడ్నించి తెలుగే."

ఆ బాధ పేరు ఆమె చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. నేను రిజిస్టరులో పేరు రాసుకుంటూ తల ఎత్తలేదు.

అంతలో ఆమె ఫోను మోగింది. "యాడీ" అంది. ఆ తర్వాత వాళ్ళ భాషలో, నాకు తెలిసిన రెండు మూడు మాటలు తప్ప ఏమీ అందనంత వేగంగా, నవ్వుతూ మాట్లాడింది. కల్లంలో విన్న గొంతే. పాప కొత్త పుస్తకాన్ని గుండెకి ఆనించుకుని తల్లి నోటివైపే చూస్తోంది. ఫోను పెట్టేసే దాకా ఆగి, కొంగు పట్టుకుని అడిగింది:

"అమ్మా, అమ్మమ్మ ఏమంటంది?"