నల్లబండ వూరికి ఒక ప్రయాణం

స్నానాలగది కోసం రైలెక్కినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే అయివుంటాను. కాశీకి వెడితే పుణ్యం, వూటీకి వెడితే చల్లదనం. నేను గుంటూరు నుంచి యెర్రగుంట్లకు వెళ్ళాను, రాళ్ళ కోసం!

సంగతి యేమిటంటే, మా పాత స్నానాలగదిలో నున్నటి తెల్లపలకలు పరిచి వుండేవి. నిరుడు మా అమ్మ వాటి మీద జారిపడి, తుంటియెముక విరిగి, 3 నెలలు మంచాన పడింది. గది తిరగ్గట్టిద్దామనుకున్నాం. గోడా నేలా అంతా ఒకే నలుపు కావాలన్నాడు మా అబ్బాయి. "స్నానాలగదా, చీకటికొట్టా?" అంది మా ఆవిడ. అమ్మ మాత్రం యేమీ అనలేదు. ఆ గది మాట వస్తేనే ఆమె ముఖంలో భయం కనిపించేది.

నంద్యాల - యెర్రగుంట్ల రైలుమార్గం 2016లో తెరిచారు; ఆ దారినే వెళ్ళాను. వూళ్ళో రోడ్డు పొడుగునా నాపరాళ్ళే, ఒకదానికొకటి చేరగిలబడి. బయటివాళ్ళు "కడప బండ" అని పిలిచే నల్లరాయి యిదే. భూమిలో పొరలు పొరలుగా వుంటుంది; గునపంతో లేపితే రేకు రేకుగా విడివడుతుంది. అందుకే దాని సహజమైన ముఖం చదునుగానే వున్నా, గరుకుగా వుంటుంది. పాలిషు పడితే అద్దమే.

బండల వ్యాపారి నా కథ విని, గరుకుదొకటి, పాలిషుదొకటి పక్కపక్కన పరిపించి, చెంబెడు నీళ్ళు పోయించాడు. పొడిగా వున్నప్పుడు బూడిదరంగుగా వున్న గరుకు బండ తడవగానే నల్లబడింది. యిప్పుడు రెండూ ఒకే నలుపు.

"చెప్పులిడిచి నిలబడండి సార్" అన్నాడు.

గరుకుదాని మీద కాలు పట్టింది. రెండోదాని మీద బొటనవేలు జారింది.

"అంతా ఒకే రంగైతే గడప యాడుందో ముసలోళ్ళ కండ్లకు తెలీదు సార్. కాలికి తెలిసేట్ల చెయ్యాల" అన్నాడు.

ఆ మాట ప్రకారమే కట్టించాం. నేలకు గరుకు బండ, నీళ్ళు నిలవకుండా మూలకు వాటం. గడప దగ్గర జానెడు పట్టీకి ఉలిగంట్లు. గోడలకు నడుమెత్తు దాకా పాలిషు బండ. సబ్బు మరక గుడ్డతో తుడిస్తే పోతుంది. ఆ పైన బూడిదరంగు. కిటికీ వెలుగు పడి గోడ మెరుస్తుంది, నేల మాత్రం మెరవదు. రాయి ఒకటే అయినా గది బోసిగా లేదు. మా ఆవిడ చీకటికొట్టు మాట మళ్ళీ యెత్తలేదు.

ఒక్క జాగ్రత్త. యిది సున్నపురాయి. యాసిడ్ పోసి కడిగితే నురగ పొంగి మెరుపు పోతుంది. నిమ్మరసం పడినా మచ్చే. నీళ్ళూ సబ్బూ చాలు.

మొదటిరోజు అమ్మ నా చెయ్యి పట్టుకుని వచ్చింది. ఉలిగంట్ల మీద పాదం ఆనించి, కాసేపు ఆగింది.

"మా పుట్టింటి నూతిపళ్ళెంలాగా వుందిరా" అంది.

నా చెయ్యి వదిలి లోపలికి నడిచి, తలుపు దగ్గరికి వేసుకుంది.