ఇరవై నిమిషాల దూరం

పెళ్లిళ్లలో ఎవరైనా "మీరేం చేస్తుంటారు?" అని అడిగితే "యాడ్ ఏజెన్సీలో కాపీరైటర్ని" అంటాను. "అంటే జిరాక్సు షాపా?" అన్నవాళ్లు ఇప్పటికి పది మందైనా ఉంటారు. కాదండీ, ప్రకటనల్లో మాటలు రాస్తాను అని విడమరచి చెప్పుకోవాలి.

మా పని బయటికి కనిపించేంత షోకుగా ఏమీ ఉండదు. ముంబై నుంచి హిందీ స్క్రిప్టు వస్తుంది. సాయంత్రానికల్లా తెలుగు కావాలంటారు. తెరమీద అమ్మాయి పెదాలు మూసేసినా మన వాక్యం ఇంకా నడుస్తూనే ఉంటుంది. పది సెకన్ల రేడియో ప్రకటనలో ఇరవై మాటలు పట్టించడమే గగనం. కట్టె, కొట్టె, తెచ్చె అన్నట్టు రాస్తే క్లయింటు "పంచ్ లేదండీ" అంటాడు. పంచ్ పెడితే "అది తగ్గించి మా ఫోన్ నంబరు పెద్దది చెయ్యండి" అంటాడు. ఈలోగా డీటీపీ కుర్రాడి కంప్యూటర్లో ఫాంటు మారి ఒత్తులన్నీ ఎగిరిపోతాయి. 'అమ్మ' కాస్తా 'అమ' అయి కూర్చుంటుంది.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. నవ్వు రానిది ఒకటుంది.

2007లో హైదరాబాద్ శివార్లలో ప్లాట్ల ప్రకటన ఒకటి మా దగ్గరికొచ్చింది. శంషాబాద్ విమానాశ్రయం అప్పటికింకా కడుతున్నారు. 2008 మార్చిలోగానీ మొదలుకాలేదు. నేను స్థలం చూడలేదు, బ్రోషరు చూశాను. టీ తాగుతూ 'విమానాశ్రయానికి ఇరవై నిమిషాలు' అని రాసి, దానికింద 'మీ మనవలు ఆడుకునే నేల' అని చేర్చాను. క్లయింటు మారుమాట్లాడకుండా ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం ఆఫీసులో అందరికీ సమోసాలు నేనే తెప్పించాను.

మరుసటేడు తెనాలి నుంచి మా బాబాయి వచ్చాడు. రిటైరైన మాస్టారు. సంచిలోంచి మడతలు పడ్డ పేపరు కటింగ్ తీసి, "అంచున చిన్నక్షరాల్లో ఉన్నది మీ కంపెనీ పేరేనట్రా?" అని అడిగాడు. చూడగానే గుర్తుపట్టాను. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో రెండు లక్షలు ఆ ప్లాటు మీద పెట్టాడట.

ఇద్దరం స్కూటరు మీద వెళ్లాం. తుమ్మచెట్ల మధ్య సున్నం కొట్టిన రాళ్లున్నాయి. రోడ్డు లేదు. రిజిస్ట్రేషను కాగితం ఉందిగానీ లేఅవుటుకి అనుమతి లేదు. కంపెనీ ఆఫీసుకి తాళం. అక్కణ్నుంచి విమానాశ్రయం దాకా వెళ్లి చూస్తే గంటంబావు పట్టింది. వెనక కూర్చుని బాబాయి వాచీ చూసుకుంటూనే ఉన్నాడు.

కోప్పడతాడనుకున్నాను. "బాగా రాశావురా. మనవలు అనేసరికి మీ పిన్ని ఆగలేకపోయింది" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ప్రకటనల్లో మంచిచెడ్డలు చూసే 'ఆస్కీ' అనే సంస్థ 1985 నుంచే ఉంది. నియమాలు లేవని తప్పించుకోలేను. అడగాల్సింది నేను అడగలేదు, అంతే. ఇప్పుడు 2016 నాటి రెరా చట్టం ఉంది. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటు అమ్మాలంటే ముందు నమోదు చేయించుకోవాలి. ప్రకటనలోని అబద్ధం నమ్మి డబ్బు కట్టినవాళ్లు నష్టపోతే, అమ్మినవాడు పరిహారం ఇవ్వాలని పన్నెండో సెక్షను చెబుతోంది. రాసినవాడి ఊసు అందులో లేదు. అందుకని నా నియమం నేనే పెట్టుకున్నాను. రెరా నంబరు చూపించందే పెన్ను తీయను. దూరం రాయాలంటే బండి మీద స్వయంగా వెళ్లి టైము చూసుకుని వస్తాను. దీనివల్ల ఇద్దరు ముగ్గురు క్లయింట్లు వేరే ఏజెన్సీకి వెళ్లిపోయారు. మా బాసు నెలకోసారి ఆ లెక్క గుర్తుచేస్తూనే ఉంటాడు.

ప్లాట్ల క్రమబద్ధీకరణ కోసం 2020లో బాబాయి చేత వెయ్యి రూపాయలు కట్టించి దరఖాస్తు పెట్టించాను. ఆ కాగితం ఇంకా తేలలేదు. మనవలు పెద్దవాళ్లయి ఉద్యోగాలకి వెళ్లిపోయారు.

ఆదివారం ఫోన్ చేస్తే బాబాయి ముందు "కొత్తగా ఏం రాశావురా?" అంటాడు. చదివి వినిపిస్తాను. అంతా విని, "నువ్వెళ్లి చూశావా?" అని అడుగుతాడు. చూశాను బాబాయ్ అన్నాకే వేరే కబుర్లలోకి వెళతాడు.