ఎనిమిది పైసల లెక్క

పోస్టు కొంచెం పెద్దగైంది. ఓపిక చేసుకొని చివరిదాకా చదవండి.

మేము ఆరుగురం. అందరం ఉట్నూరు ఏజెన్సీ దిక్కు గోండు గూడేలోళ్లమే. డిగ్రీ అయినంక హాస్టల్ ఖాళీ చేసినం. ఇంట్ల చదువుకుందామంటే జాగ లేదు. అందుకని పోటీ పరీక్షల కోసం దగ్గర్ల ఉన్న గ్రంథాలయానికి పోవుడు మొదలుపెట్టినం. రెండు బీరువాలు, నాలుగు కుర్చీలు, ఎప్పటివో కరెంట్ అఫైర్స్ పుస్తకాలు. ఒకరోజు అక్కడి సార్‌ను అడిగినం: "సార్, మన గోండుల చరిత్ర మీద ఏదన్న పుస్తకం ఉన్నదా?"

"కొమురం భీం మీద ఒకటుండె. ఎవరో తీసుకపోయి మళ్ల తేలేదు" అన్నడు.

"కొత్తవి కొనరా సార్?"

"గ్రంథాలయాలకు పైసలు ఇంటి పన్నుల నుంచే రావాలె బాబూ. మన దిక్కు ఇంటి పన్ను ఎంతొస్తది?"

ఆ మాట మమ్మల్ని వదల్లేదు. సంగతేందో చదివి తెలుసుకున్నం. 1960లో వచ్చిన గ్రంథాలయాల చట్టం ప్రకారం పంచాయతీలు, మున్సిపాలిటీలు ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తయి. పన్ను రూపాయికి 8 పైసలు. దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలె. అంటే 1000 రూపాయల పన్ను కట్టే బంగ్లా మీద 80 రూపాయలు. 100 రూపాయల పన్ను కట్టే మన పెంకుటింటి మీద 8 రూపాయలు. ఇంటి రసీదు తీసి చూడండి, మన అమ్మానాయన కూడ కడుతున్నరు.

లెక్క చూస్తే న్యాయంగనే కనిపిస్తది. కానీ పెద్ద పట్నం ఉన్న జిల్లాకు సెస్సు ఎక్కువ, గూడేలు ఎక్కువున్న జిల్లాకు తక్కువ. కొనుక్కోలేనోళ్లకే గ్రంథాలయం ఎక్కువ అవసరం. పైసలు మాత్రం ఇండ్ల విలువను బట్టి వస్తయి. సర్కారు వేరేగ గ్రాంటు ఇచ్చి ఈ తేడా పూడ్చకపోతే మన బీరువా ఎప్పటికీ అట్లనే ఉంటది.

ఇప్పుడు అసలు సంగతి. మా గూడెం దగ్గర ఒక ప్రధాన్ తాత ఉండె. కిక్రి వాయించుకుంట మన పేన్‌ల కథలు, ఏ గోత్రం ఎక్కడి నుంచి వచ్చిందో రాత్రంతా చెప్పేటోడు. మనకు గ్రంథాలయం అంటే ఆయనే. రెండేండ్ల కింద మేము ఒక ఫోన్ల మూడు రాత్రులు ఆయన పాట రికార్డు చేసినం. ఇంకెక్కడా దాచలేదు. వానకాలం వాగు దాటుతుంటే ఆ ఫోన్ నీళ్లల్ల పడ్డది. మళ్ల చేద్దాంలే అనుకున్నం. ఎండాకాలం రాకముందే తాత పోయిండు. ఆయన కొడుకు పత్తి ఏరబోతడు, కిక్రి ముట్టడు. తప్పు మాదే, ఒప్పుకుంటున్నం. కానీ రికార్డు తీసుకపోయి ఇస్తే దాచిపెట్టే చోటు ఒక్కటన్న మా మండలంల ఉంటే బాగుండు అని కూడ అనిపించింది.

దాస్తే ఏమైతదో మనకు తెలుసు. హైమన్‌డార్ఫ్ దొర మార్లవాయిలో ఉండి తీసిన మన తాతముత్తాతల ఫొటోలు, ఫిలింలు లండన్‌లోని సోయాస్‌ల భద్రంగ ఉన్నయి. నార్నూర్ మండలం గుంజాలలో పెద్దలు రాతప్రతులు దాచుకున్నరు కాబట్టే జయధీర్ తిరుమలరావు సార్ లాంటివాళ్ల శ్రమతోటి ఆ గోండి లిపి బయటి లోకానికి తెలిసింది. 2018లో యూనికోడ్‌ల చేరింది. మరి మార్లవాయికే చెందిన గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించిండ్రు. 2024 అక్టోబరులో ఆయన పోయిండ్రు. పద్మశ్రీ మనిషికి దక్కే గౌరవం. ఆయన నేర్చిన విద్యను రేపటి పిల్లలకు అందించేటందుకు ఏటేటా పైసలు కావాలె.

మాలోనే ఒకన్న అన్నడు: "ముందు రోడ్డు, నీళ్లు రానీయండిరా, పుస్తకాలు తర్వాత." ఆయన మాట కొట్టిపారేయలేం. ఆయన చెల్లెను కాన్పుకు మంచం మీద మోసుకపోయిన రోజు మేమూ ఉన్నం. కానీ రోడ్డు పదేండ్ల తర్వాతనన్న వేయొచ్చు. తాత పాటను పదేండ్ల తర్వాత రికార్డు చేయలేం. రెండూ అడగాలె. ఒకటి అడిగితే ఇంకోటి అడగొద్దని ఎవరన్నరు?

అందుకే మేము మూడు పనులు అనుకున్నం. మీరూ మీ ఊర్లల్ల చేయండి.

ఒకటి, పోయిన మూడేండ్లల్ల మన పంచాయతీ గ్రంథాలయ సెస్సు ఎంత వసూలు చేసింది, ఎంత జమ కట్టింది అని సమాచార హక్కు చట్టం కింద అడగాలె.

రెండు, గ్రామసభల తీర్మానం చేయాలె. 1996 పెసా చట్టం మన సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభకే ఇచ్చింది. గ్రంథాలయంల మన భాష పుస్తకాలకు, రికార్డింగులకు ఒక బీరువా కావాలని, దానికి సర్కారు నిధులు ఇయ్యాలని రాసి, ఐటీడీఏకు, జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపాలె.

మూడు, పైసలు వచ్చేదాకా ఆగొద్దు. పాట తెలిసిన పెద్దమనిషి దగ్గరికి ఈ ఆదివారమే పోవాలె. ఆయనను అడిగి, ఒప్పుకుంటేనే రికార్డు చేయాలె. మూడు చోట్ల దాచాలె. మేము చేసిన తప్పు మీరు చేయొద్దు.

మా ఆరుగురిల ఒకడు ఇప్పుడు తాత కొడుకు దగ్గర కూసుంటున్నడు. పత్తి ఏరుకుంటనే ఆయన అప్పుడప్పుడు ఒక ముక్క పాడుతున్నడు, తెలియకుండనే. అది రాసుకుంటున్నం. ఇప్పటికి పదకొండు ముక్కలైనయి.

మీ ఊరి పెద్దలు ఎవరు, ఏం పాడతరు? కింద రాయండి. జోహార్.