గెనిమ మీద గొడవకు ముందు

మా రామసముద్రం పక్కన టమాటా ధర పడిపోయినా రైతు ఓర్చుకుంటాడు. గెనిమ, అంటే పొలం గట్టు, జానెడు జరిగితే మాత్రం ఓర్చుకోలేడు. అన్నదమ్ముల మధ్యే మాటలు ఆగిపోతాయి. ఏటా దున్నేటప్పుడు ట్రాక్టర్ కొంచెం కొంచెం గెనిమను కొరుకుతుంది. కొన్నేళ్లకు హద్దు రాయి ఎక్కడుండేదో ఎవరికీ గుర్తుండదు.

2020 డిసెంబర్‌లో మొదలైన భూముల రీసర్వేతో ఈ తగాదాలు తీరతాయనుకున్నాం. చాలా ఊళ్లలో విస్తీర్ణాల తేడాలతో కొత్తవి పుట్టాయి. 2024 జులైలో మదనపల్లె సబ్‌కలెక్టర్ ఆఫీసులో భూముల ఫైళ్లు కాలిపోయినప్పుడు కడుపు తరుక్కుపోయింది. ఎందరి ఆధారాలో అవి!

గెనిమ తగాదా వస్తే కొడవళ్లు తియ్యొద్దు, అన్నా. మీసేవలో హద్దులు కొలవమని ఎఫ్‌-లైన్ అర్జీ పెట్టండి, పక్క రైతు ఎదుటే సర్వేయర్‌తో కొలిపించండి. పొలం కొలతల పటం, అంటే ఎఫ్‌ఎంబీ, నకలు ఇప్పుడే తీసుకుని ఇంట్లో భద్రంగా దాచుకోండి.