వేన్నీళ్ళ తొట్టి

హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న పట్టణం. కర్ణాటక సరిహద్దు దానికి కూతవేటు దూరం. రాయలసీమ అనగానే మండుటెండలు మాత్రమే స్ఫురించే వారికి మార్గశిర, పుష్య మాసాల్లో ఇక్కడి తెల్లవారుజాము చలి ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆ వేళ బావినీళ్ళతో స్నానం చేయడం పసివాళ్ళకూ ముసలివాళ్ళకూ పరీక్షే. అందుచేత ఈ ప్రాంతపు పాత ఇళ్ళలో వంటపొయ్యి ఒకటీ, నీళ్ళపొయ్యి ఒకటీ వేరువేరుగా ఉండేవి. పెరట్లో బచ్చలి గోడకు ఆనుకొని ఇటుకతోనో మట్టితోనో పొయ్యి కట్టి, అందులో రాగి అండాను మెడదాకా దిగవేసేవారు. రాగి కొనలేని ఇంట మట్టికాగు ఉండేది. తెలుగులో ఈ ‘కాగు’ అన్న మాట చిత్రమైనది. నీళ్ళు వేడెక్కడమూ కాగడమే, అవి వేడెక్కే పాత్రా కాగే. పాత్రకూ పనికీ ఒకే మాట నిలిచిందంటే ఆ పని ఇంటింటా ఎంత నిత్యమో ఊహించవచ్చు.

ఆ పొయ్యి బాధ్యత ఇల్లాలిది. కోడికూతకు ముందే లేచి, కట్టెలు ఎగదోసి, గొట్టంతో ఊది, పొగకు కళ్ళు నులుముకొంటూ ఇంటిల్లిపాదికీ నీళ్ళు కాచడం ఆమె దినచర్యలో మొదటి పని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన దీపం పథకం, దేశమంతటా 2016లో మొదలైన ఉజ్జ్వల పథకం ఎన్నో వంటిళ్ళకు గ్యాసు పొయ్యిని తెచ్చాయి. వంట మారింది. నీళ్ళపొయ్యి మాత్రం చాలా ఇళ్ళలో కదలలేదు. కారణం లెక్క వేస్తే తెలుస్తుంది. 100 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుండి 80 డిగ్రీల సెల్సియస్‌కు తేవాలంటే 6,000 కిలో కాలరీల ఉష్ణం కావాలి. రోజూ ఈ పనికే గ్యాసు వాడితే 14.2 కిలోల సిలిండరు మూడు వారాలైనా రాదు. కట్టెలైతే డబ్బు పెట్టకుండా దొరుకుతాయని ఇంటి పెద్దల ధీమా. ఏరి, మోసి, ఎండబెట్టే వారి శ్రమకు వెల కట్టే అలవాటు లేదు కనుక ఆ ధీమా.

కట్టెలు కూడా ఇక్కడ సమృద్ధిగా లభించే వస్తువు కావు. 2022లో అనంతపురం జిల్లా నుండి విడివడి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు దేశంలోనే అతి తక్కువ వాన కురిసే సీమకు చెందినవి. ఉమ్మడి జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. చింత, కానుగ కొమ్మలు నరకడానికి మనసొప్పదు. చెరువు గట్లనూ బీళ్ళనూ ఆక్రమించిన సర్కారు తుమ్మే పేదల పొయ్యికి ఆధారం. దాని ముల్లు దిగిన చేతికి తెలుస్తుంది ఆ కట్టె వెల.

ఇంత కష్టపడి తెచ్చిన కట్టెలోని వేడి ఎటు పోతున్నదో చూద్దాం. బాగా ఎండిన కట్టె కిలో మండితే సుమారు 3,500 కిలో కాలరీల ఉష్ణం వెలువడుతుంది. ఆ లెక్కన పైన చెప్పిన 100 లీటర్లకు రెండు కిలోల లోపు కట్టె చాలాలి. కాని మూడు రాళ్ళ పొయ్యిలో నీటికి చేరేది ఎనిమిదో వంతు అనుకొంటే, 13 కిలోలకు పైగా తగలేయవలసి వస్తుంది. పచ్చికట్టె అయితే మరీ దారుణం. దాని బరువులో సగం దాకా నీరే ఉంటుంది; ఆ నీటిని ఆవిరి చేయడానికే మంట అలసిపోతుంది.

అసలు చిక్కు మరొకటి ఉంది. మంట స్వభావం వేరు, మనిషి అవసరం వేరు. కట్టె ధారాళంగా గాలి పీల్చుకొని భగభగ మండినప్పుడే పూర్తిగా కాలుతుంది. పొగ తక్కువ, వేడి ఎక్కువ. ఇంటి అవసరమో, ఉదయం ఇద్దరికి, గంట తరువాత మరొకరికి, రాత్రి పొలం నుండి వచ్చిన వారికి అన్నట్లుగా విడతలు విడతలుగా ఉంటుంది. అందుకని ఇల్లాలు మంటను అణచి ఉంచుతుంది. కట్టెలు వెనక్కు లాగుతుంది, నిప్పు మీద బూడిద కప్పుతుంది. అలా ఊపిరాడని మంటే ఎక్కువ పొగనిస్తుంది. కాలకుండా మిగిలిన ఇంధనమే ఆ పొగ. పొగగొట్టంలో మసిగా పేరుకొనేది, ఆమె ఊపిరితిత్తులలోకి చేరేది అదే. మంటను దాని ఇష్టానికి గంటసేపు మండనిచ్చి, ఆ వేడినంతా ఒకచోట దాచి, కావలసినప్పుడు కావలసినంత తీసుకోగలిగితే ఈ చిక్కు విడిపోతుంది. దాచడానికి తగిన వస్తువు పెరట్లోనే ఉంది: నీరు.

వేసవి సాయంత్రం పెనుకొండ కోట దారిన నడిచిన వారికి వేడిని నిలవ చేయడమంటే ఏమిటో వేరుగా చెప్పనక్కర లేదు. విజయనగర రాజులు తళ్ళికోట యుద్ధం తరువాత రాజధానిగా చేసుకొన్న ఘనగిరి ఇది. సూర్యుడు అస్తమించి చాలాసేపు గడిచినా ఆ బండలు సెగలు కక్కుతూనే ఉంటాయి. పగలు తాగిన ఎండను రాత్రి విడుస్తాయి. అయితే ఒక కిలో రాతిని ఒక డిగ్రీ వేడెక్కించే ఉష్ణానికి ఇంచుమించు అయిదు రెట్లు కావాలి ఒక కిలో నీటిని అదే డిగ్రీ వేడెక్కించడానికి. అంటే నీరు ఆలస్యంగా కాగుతుంది, ఆలస్యంగా చల్లారుతుంది. ఇంటింటా దొరికే పదార్థాలలో ఇంత వేడిని ఇముడ్చుకోగలది మరొకటి లేదు.

‘వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడు’ అని సామెత. చిన్న ఆదాయానికి మరో చిన్న ఆదాయం ఆసరా అన్న అర్థంలో వాడుతున్నాం గాని, దాని పుట్టుక బచ్చలిలోనే. 80 డిగ్రీల నీరు ఒక బిందెకు 20 డిగ్రీల నీరు రెండు బిందెలు తొలిపితే 40 డిగ్రీల నీరు మూడు బిందెలవుతుంది. అదే హాయైన స్నానపు వేడి. కాబట్టి 100 లీటర్ల తొట్టిని ఒకసారి 80 డిగ్రీలకు కాచి ఉంచితే, 15 లీటర్ల బకెట్లు 20 నిండుతాయి. పెద్ద కుటుంబానికి కూడా ఒక రోజుకు అది చాలు.

ఈ ప్రాంతపు సంపన్నుల ఇళ్ళలో నిలువెత్తు రాగి బాయిలరు ఉండేది. నడుమ పొగగొట్టం, దాని చుట్టూ నీరు, అడుగున నిప్పు. పైన గరాటులో చెంబెడు చన్నీళ్ళు పోస్తే, పక్క ముక్కు నుండి చెంబెడు వేన్నీళ్ళు దూకుతాయి. పిల్లలకు అది ఇంద్రజాలం. గరాటు గొట్టం లోపల అడుగుదాకా దిగి ఉండడమే ఇందులోని రహస్యం. వేడి నీరు తేలిక, పైకి చేరుతుంది. చల్లని నీరు బరువు, అడుగున ఉంటుంది. అడుగున నెమ్మదిగా చేరిన చన్నీళ్ళు పైనున్న వేన్నీళ్ళను చెదరగొట్టకుండా పైకి నెడతాయి. నేటి ఇంజనీర్లు పెద్ద తొట్లలో చల్లనీటిని అడుగున చేర్చి, వేడినీటిని పైనుండి తీసుకోవడం ఈ సూత్రం మీదనే. మన కంచరి ఏ పాఠశాలలోనూ చదవకుండానే దానిని అమలుచేశాడు.

అయినా ఆ బాయిలరుకు రెండు లోపాలున్నాయి. నిప్పు ఆరిన తరువాత కూడా నడిమి గొట్టం గాలిని పైకి లాగుతూనే ఉంటుంది. ఆ చల్లగాలి నీటి వేడిని దొంగిలించుకుపోతుంది. బూడిద తలుపు మూస్తే చాలావరకు ఆగుతుంది. అయితే నిప్పులు పూర్తిగా ఆరకముందు మూయరాదు, బాయిలరును మూసిన గదిలో ఉంచరాదు. అరకొరగా మండే నిప్పు నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేని విషం. రెండో లోపం దాని అందమే. తళతళలాడే రాగి ఒళ్ళు బయటకు కనబడుతూ ఉంటుంది. ఏ ఆచ్ఛాదనా లేని 100 లీటర్ల పాత్ర, మూత ఉన్నప్పటికీ, రాత్రి 10 గంటలలో తాను దాచిన వేడిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు గాలికి వదిలేస్తుందని లెక్క చెబుతుంది. సాయంత్రం 80 డిగ్రీలున్న నీరు తెల్లవారేసరికి 40కి దిగుతుంది.

దీనికి మందు ఖరీదైనది కాదు. తొట్టిని పొయ్యి మీద నుండి తప్పించి, పొయ్యి కంటె కొంచెం ఎత్తున వేరుగా నిలిపి, రెండు గొట్టాలతో కలపాలి. పొయ్యిలోని వేడి నీరు పై గొట్టం గుండా తొట్టికి ఎక్కుతుంది, తొట్టి అడుగునున్న చల్లనీరు కింది గొట్టం గుండా పొయ్యికి దిగుతుంది. మోటారు అవసరం లేదు. తొట్టి చుట్టూ జానెడు దూరంలో ఇటుక గోడ కట్టి, నడుమ ఎండిన వేరుశనగ పొట్టు కూరితే రాత్రంతా పోయే వేడి పదింట ఒక వంతుకు మించదు. వేరుశనగ పండే సీమలో పొట్టుకు కరవా? అది తడవకూడదు, నిప్పుకు దగ్గరగా ఉండకూడదు. పొయ్యి దగ్గర భాగంలో బూడిద నింపడం మేలు. తొట్టి ఎంత పెద్దదైతే అంత లాభం: నీరు ఎనిమిది రెట్లు పట్టే తొట్టికి, ఆకారం మారకుంటే, బయటి ఒళ్ళు నాలుగు రెట్లే.

‘వేన్నీళ్ళకు ఇల్లు కాలునా’ అని మరొక సామెత ఉంది. మూత వదులుగా ఉన్న తొట్టి విషయంలో అది అక్షరాలా నిజం. నీరు 100 డిగ్రీలు దాటదు. గాలి పోయే దారి లేకుండా బిగించిన తొట్టిని మాత్రం సామెత కాపాడలేదు. ఆవిరిగా మారిన నీరు 1,600 రెట్లకు పైగా వ్యాపిస్తుంది. ఊపిరిగొట్టం లేని తొట్టి పెరట్లో పెట్టిన మందుగుండు.

మంచు కురిసే దేశాలలో ఇదే ఏర్పాటు ఇల్లంతటినీ వెచ్చగా ఉంచుతున్నది. కట్టెల బాయిలరును ఉదయం ఒకసారి నిండుగా మండించి, ఆ వేడిని పెద్ద తొట్టిలో నింపి, రేయింబవళ్ళు గదులకు పంపుతారు. జర్మనీలో 2010లో అమలులోకి వచ్చిన నిబంధన, చేతితో కట్టెలు వేసే కొత్త బాయిలర్లకు ఒక్కొక్క కిలోవాటుకు కనీసం 55 లీటర్ల తొట్టి ఉండాలంటుంది. 30 కిలోవాట్ల బాయిలరుకు 1,650 లీటర్లన్నమాట. అణచిన మంటకు పొగ ఎక్కువని గుర్తించిన ప్రభుత్వం తొట్టిని చట్టం చేసింది.

మనకు ఇల్లంతా వేడెక్కించే అవసరం లేదు. కాని ఇంటినే కార్ఖానాగా చేసుకొన్న వారు ఈ మూడు ఊళ్ళలో ఎందరో ఉన్నారు. హిందూపురం పట్టుగూళ్ళకు పేరొందిన మార్కెట్టు. గూళ్ళను మరిగే నీటిలో ఉడికించనిదే దారం కొస దొరకదు. ధర్మవరం చేరిన ముడిపట్టు బరువులో ఇంచుమించు నాలుగో వంతు జిగురు ఉంటుంది. సబ్బు, సోడా కలిపిన నీటిలో మరుగుకు చేరువ వేడిలో ఉడికిస్తేనే అది వదిలి, పట్టుకు మెరుపు వస్తుంది. రంగు పట్టించడానికీ అంతే వేడి కావాలి. పెళ్ళికూతురు చీరలోని ప్రతి రంగు వెనుకా ఒక కాగు ఉంది, దాని ముందు చెమటోడ్చిన మనిషి ఉన్నాడు. పని ముగియగానే పొగలు కక్కుతున్న ఆ మురికినీరు కాలువపాలవుతుంది. నీరు పనికిరాదు, నిజమే. వేడి ఏ పాపం చేసింది? చుట్టలుగా వంచిన రాగిగొట్టాన్ని ఆ వాడిన నీటిలో ముంచి, దానిగుండా కొత్త నీటిని పారిస్తే, తరువాతి వాయికి నీరు సగం కాగి వస్తుంది.

ఇప్పుడు హిందూపురం మిద్దెల మీద సూర్యతాపక యంత్రాలు కనబడుతున్నాయి. వాటిలోనూ ప్రాణమంతా పైనున్న తొట్టిలోనే ఉంది. మధ్యాహ్నపు ఎండను తెల్లవారి స్నానానికి దాచేది అదే. కార్తీకంలో తుపాను ముసురు పట్టి రెండు మూడు రోజులు సూర్యుడు కనబడనప్పుడు ఆ యంత్రం చేతులెత్తేస్తుంది. తొట్టి మిద్దె మీద, పొయ్యి కింద పెరట్లో ఉన్న ఇంట రెండు గొట్టాలు అదనంగా వేసుకొంటే ఆ ముసురు రోజులలో నాలుగు కట్టెలతో అదే తొట్టిని నింపుకోవచ్చు. గొట్టాలకు పొట్టుగానీ గోనెగానీ చుట్టాలి. లేకుంటే వేడి దారిలోనే పోతుంది. బోరునీటిలోని సున్నం ఏటేటా పొయ్యి గొట్టాలలో పొరగా పేరుకొంటుంది కాబట్టి, ఏడాదికొకసారి విప్పి చింతపండు పులుసుతో తోమించుకోవాలి.