తారిణిలో తెలుగమ్మాయిలు

యాభై ఆరడుగుల తెరచాప పడవ. అంతర్వేది నుంచి వేటకెళ్లే మరబోటు కన్నా మరీ పెద్దదేం కాదు. దాంట్లో ఆరుగురు అమ్మాయిలు భూగోళాన్ని చుట్టి వచ్చారు. అందరూ భారత నౌకాదళ అధికారులే. ఇద్దరు మనవాళ్లు... విశాఖపట్నం అమ్మాయి లెఫ్టినెంట్ కమాండర్ పి.స్వాతి, హైదరాబాద్ అమ్మాయి లెఫ్టినెంట్ బి.ఐశ్వర్య.

2017 సెప్టెంబరు 10న గోవాలో ‘ఐఎన్‌ఎస్‌వీ తారిణి’కి జెండా ఊపింది అప్పుడే రక్షణమంత్రి అయిన నిర్మలా సీతారామన్. ఆమె నరసాపురం కోడలు. ఆ లెక్కన ఈ ప్రయాణంలో గోదావరి జిల్లాలకీ కాస్త వాటా ఉన్నట్టే!

స్వాతి విమానాల రాకపోకల్ని నియంత్రించే ఏటీసీ అధికారి. ఐశ్వర్యది నౌకా నిర్మాణ విభాగం. ఉద్యోగరీత్యా ఇద్దరూ ఒడ్డున ఉండాల్సినవాళ్లే. నౌకాదళం 1992లోనే అమ్మాయిల్ని అధికారులుగా తీసుకోవడం మొదలుపెట్టినా, నడిసముద్రం మాత్రం చాలాకాలం మగవాళ్లదే. అందుకే ఈ పడవ ఎక్కడమంటే ఉద్యోగంలో మరో మెట్టు ఎక్కడం కాదు, అసలు లేని మెట్టు కట్టుకోవడం. ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టిన తొలి భారతీయుడు కెప్టెన్ దిలీప్ దోండే దగ్గర వీళ్లు పడవ నడపడం నేర్చుకున్నారు. సారథి వర్తికా జోషి.

ఇలాంటి యాత్రకి నియమాలు కఠినంగా ఉంటాయి. సూయజ్, పనామా కాలువల్లోంచి అడ్డదారి తొక్కకూడదు. భూమధ్యరేఖని రెండుసార్లు దాటాలి. కనీసం 21,600 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 40 వేల కిలోమీటర్లు వెళ్లాలి. అదీ గాలివాటునే.

సముద్రానికి కోపమొస్తే ఎలా ఉంటుందో కోరంగి వాళ్లకి చెప్పక్కర్లేదు. ఒకప్పుడు ఓడలు కట్టిన ఆ రేవుని 1839 నాటి తుపాను తుడిచిపెట్టేసింది. పసిఫిక్‌లో తారిణికీ అలాంటి పరీక్షే ఎదురైంది. న్యూజిలాండ్ నుంచి ఫాక్‌లాండ్ దీవులకు దాదాపు నలభై రోజులు. చుట్టూ నీళ్లు తప్ప మరేం లేదు. వంద కిలోమీటర్లు దాటిన వేగంతో గాలి, రెండంతస్తుల మేడంత అలలు, ఎముకలు కొరికే చలి. అలాంటి చోట చుక్కాని దగ్గర ఎవరో ఒకరు కూర్చునే ఉండాలి, వంతులవారీగా. ఎందరో నావికుల్ని మింగిన కేప్ హార్న్‌ను 2018 జనవరిలో దాటి, మువ్వన్నెల జెండా ఎగరేశారు.

ఇంటిదారి పట్టాక స్టీరింగ్ మొరాయించింది. మారిషస్‌లో ఆగి బాగుచేయించుకున్నారు. మే 21న గోవా చేరేసరికి 254 రోజులు! ఆ ఆరుగురికీ నారీశక్తి పురస్కారం దక్కింది.

నౌకాదళంలో మహిళలకూ పర్మినెంట్ కమిషన్ ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది మాత్రం 2020 మార్చిలో. తారిణి తిరిగొచ్చిన దాదాపు రెండేళ్లకి.

అదే పడవ 2024 అక్టోబరులో మళ్లీ గోవా నుంచి బయల్దేరింది. ఈసారి లోపల ఉన్నది ఇద్దరే... దిల్నా, రూప. 2025 మే నెలాఖరుకి చుట్టు పూర్తిచేసుకుని వచ్చారు.