ఎందుకు గురువు కాలేదు?

మా మనుమరాలు ఇంజనీరింగు మూడవ సంవత్సరం చదువుతుండగా కళాశాలలో ఆమెకొక పని అప్పగించారు. నాలుగు వారాలలో ఒక వెబ్ అప్లికేషన్ నిర్మించాలి. దానితోబాటు ఏ రోజు ఏమి చేసినదీ, ఎక్కడ చిక్కుపడినదీ, ఎట్లా బయటపడినదీ దినచర్యగా వ్రాసి సమర్పించాలి. నూటికి నలభై మార్కులు ఆ దినచర్యకే. దసరా సెలవులకు మా ఇంటికి వచ్చిన పిల్ల, "తాతయ్యా, పద్యంలో గురులఘువులు గుర్తించే అప్లికేషన్ చేస్తాను. నాకు ఛందస్సు నేర్పుతావా?" అన్నది. ముప్పది రెండేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి ఇంట కూర్చున్నవాడికి అంతకంటె కావలసినదేమున్నది?

అది అరగంట పని అనుకొన్నాను. దీర్ఘాక్షరం గురువు, సున్న గాని విసర్గ గాని ఉన్నది గురువు, ద్విత్వ సంయుక్తాలకు ముందున్నది గురువు, తక్కినవి లఘువులు. ఆమె రెండు రోజులలో వీటిని జావాస్క్రిప్టులో వ్రాసింది. పరీక్షకు భాగవతంలోని ఒక ఉత్పలమాల ఇచ్చాను. పాదానికి ఇరవై అక్షరాలుండవలసిన చోట యంత్రం నలభైకి పైగా లెక్కపెట్టింది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

కారణం ఆమే వెదకి చెప్పింది. యూనికోడ్‌లో ‘స్త్రీ’ ఒక అక్షరం కాదట. సకారం, దాని కింద పొల్లు గుర్తు, తకారం, మళ్ళీ పొల్లు గుర్తు, రేఫ, చివర గుడిదీర్ఘం: మొత్తం ఆరు సంకేతాలు. మన కంటికీ చెవికీ ఒకటైనది యంత్రానికి ఆరు. హల్లులన్నీ కూడి ఒక అచ్చుతో ముగిస్తేనే అక్షరమని దానికి వేరే చెప్పవలసి వచ్చింది. మరునాడు ‘చేసెన్’ అన్న పదంలో మూడక్షరాలు చూపింది. పొల్లు తానుగా నిలువదనీ, ముందున్న అక్షరంలో చేరి దానిని గురువు చేస్తుందనీ నేను చెప్పడం మరచాను. ఆ తప్పు యంత్రానిది కాదు.

మూడవ చిక్కు వీటికంటె గట్టిది. ‘రామప్రసాదము’ అన్న సమాసంలో ‘ప్ర’కు ముందున్న ‘మ’ గురువు. ‘అది ప్రసాదము’ అన్నప్పుడు ‘ది’ లఘువుగానే ఉంటుంది. అప్లికేషన్ రెండింటినీ గురువులుగానే చూపింది. "ఎందుకు గురువు కాలేదు తాతయ్యా?" అని అడిగింది పిల్ల. "చదివితే తెలియడం లేదూ?" అన్నాను. "నీకు తెలుస్తుంది. దీనికి ఏమని చెప్పను?" అన్నది.

ఆ ప్రశ్న నేను ఇదివరకు విన్నదే. ఉద్యోగంలో చేరిన తొలి రోజులలో తొమ్మిదవ తరగతి కుర్రవాడొకడు నల్లబల్ల వైపు వేలు చూపి, "మాస్టారూ, ఇక్కడెందుకు గురువు కాలేదు?" అన్నాడు. "అదంతే, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. మరి ఆ ఏడాదంతా అతడు ప్రశ్న అడిగిన గుర్తు లేదు.

పుస్తకాలు ముందు వేసుకొని రెండు రోజులు కూర్చున్నాను. చివరకు ఇట్లా చెప్పగలిగాను: రెండు పదాలు సంస్కృత సమాసంగా కలిస్తే పూర్వాక్షరం గురువవుతుంది, విడివిడి తెలుగు పదాలైతే కాదు. పదాల నడుమ ఖాళీ ఉంటే విడి పదాలనుకొనేటట్లు ఆమె మార్చింది. కాని సమాసాన్ని విడదీసి టైపు చేసేవారున్నారు కదా! అటువంటి చోట్ల ‘ఇది సమాసం’ అని చదువరియే గుర్తు పెట్టేందుకు ఒక గడి ఏర్పరచింది. అంతకు మించి ఆమెకు గాని నాకు గాని తోచలేదు.

సమర్పణకు ముందునాటి రాత్రి చూతును గదా, దినచర్యలో ఆరు రోజులే వ్రాసి ఉన్నాయి. తక్కినవి ఒక్క కూర్పున పూర్తి చేస్తూ, అన్నీ అనుకొన్నట్లే జరిగినట్లు వ్రాస్తున్నది. మందలించబోయి ఆగాను. తనిఖీ అధికారి వస్తున్నారనగానే నెలరోజుల పాఠ్యపథకాలు ఒకే రాత్రి, రెండు రంగుల సిరాలతో వ్రాసినవాణ్ణి నేను. వాటిలో ఏ పిల్లవాడికీ ఏదీ అర్థం కాకపోవడమన్నది లేదు. ఆ కుర్రవాడి ప్రశ్నా లేదు. ఆనాడే అది ఒక పంక్తి వ్రాసుకొని ఉంటే, మరునాడైనా జవాబు వెదికేవాణ్ణి. ఈ మాట ఆమెకు చెప్పాను.

ఆమె కొంతసేపు ఊరకుండి, గిట్ అనే సాధనాన్ని తెరిచింది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ చేసినదట. ప్రోగ్రాములో భద్రపరచిన ప్రతి మార్పూ తేదీతో సహా అందులో ఉంటుంది. దానిని చూసుకొంటూ, జరిగినవి జరిగినట్లు వ్రాసి, పైన ‘ఈ భాగం తరువాత వ్రాసినది’ అని చేర్చింది. సమాసాల లోపం తీరలేదనీ వ్రాసింది. దాని కింద మరొక వాక్యం: ‘ఈ నియమం చెప్పడానికి మా తాతయ్యకు రెండు రోజులు పట్టింది.’ తీసివేయమన్నాను. "జరిగిందే కదా!" అన్నది.

ఆ కుర్రవాడికిప్పుడు యాభై దాటి ఉంటాయి. ఎక్కడున్నాడో తెలియదు. ఎప్పుడైనా ఎదురుపడితే, అతని ప్రశ్నకు జవాబు నా దగ్గరున్నది.